నాలుగు దవాఖానలు, ఒక మత్తు డాక్టరు

పాలమూరు, నల్లగొండ వైపు ఏ మండల కేంద్రంలో బస్సు దిగినా ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. ముప్పై పడకల దవాఖాన యాభై పడకలైందనో, యాభై పడకలది వంద కాబోతోందనో. కింద వరసగా ఫోటోలు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళేమో "డాక్టర్లే లేరు, పడకలెందుకు" అంటారు. పడకల మీద జనానికి పెద్ద భ్రమలేమీ లేవు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. "డాక్టర్ల కొరత" అనే మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అది సగం నిజం. ఉన్న డాక్టర్లను మనం పంచిపెట్టిన తీరు ఆ కొరత కంటే పెద్ద జబ్బని నా వాదన.

ఒక దవాఖాన సంగతి తెలియాలంటే కాన్పుల గది బయట గోడకు అంటించిన డ్యూటీ చార్టు చదివితే చాలు. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, ఎడమ వైపు తేదీలు. "గైనిక్" గడిలో ఒకే పేరు రాసి, కింద ముప్పై తేదీలకూ "డిట్టో" గీతలు. "అనస్తీషియా", అంటే మత్తు డాక్టరు గడిలో "ఆన్ కాల్" అని ఒక ఫోన్ నంబరు. "పిల్లల డాక్టరు" గడిలో "డిప్యుటేషన్", అంటే వేరే చోటికి పంపారని. ఒక మనిషి ముప్పై రాత్రులు డ్యూటీ చేయదు, చేయలేదు. అంటే సాయంత్రం నాలుగు దాటాక అక్కడ ఎవరూ లేరని ఆ చార్టు మర్యాదగా చెబుతోంది.

168 గంటలు

వారానికి 168 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజులు పనిచేసే డాక్టరు అందులో 36 గంటలు ఉంటుంది. అంటే పద్నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు. నొప్పులు ఓపీ వేళ చూసుకుని రావు. పద్నాలుగు మంది నొప్పులతో వస్తే ముగ్గురికి గైనిక్ డాక్టరు ఎదురుపడుతుంది. అది కూడా ఆమె సెలవు పెట్టని వారం, మెడికో లీగల్ కేసులో సాక్ష్యానికి కోర్టుకు పోని వారం, కుటుంబ నియంత్రణ క్యాంపు లేని వారం.

ఇలాంటి దవాఖానలు నాలుగు ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి ఒక్కో గైనిక్. కాగితం మీద నాలుగు చోట్లా పోస్టు నిండినట్టే. జిల్లా సమీక్షలో "ఖాళీలు లేవు" అని చెప్పుకోవచ్చు. రాత్రి పూట మాత్రం నాలుగు చోట్లా ఖాళీయే. అదే నలుగురినీ ఒక్క చోట పెడితే తలా 42 గంటలు. నాలుగు నలభై రెండ్లు 168. వారంలో ఒక్క గంట కూడా ఖాళీ ఉండదు. సెలవులకు, జ్వరాలకు, పిల్లల పరీక్షలకు అయిదో మనిషి కావాలి, అది నిజమే. కానీ నాలుగు చోట్లా రాత్రి నడపాలంటే పదహారు మంది, సెలవులు కలిపితే ఇరవై మంది కావాలి. ఆ ఇరవై మంది వస్తారని ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాం.

ఇది ఒక్క గైనిక్ లెక్క మాత్రమే. పెద్దాపరేషన్ (సిజేరియన్) ఒకరి వల్ల అయ్యేది కాదు. కోసే డాక్టరు, మత్తు డాక్టరు, బిడ్డను అందుకునే పిల్లల డాక్టరు, పరికరాలు అందించే సిస్టరు, బయటి నుంచి సామాను తెచ్చిచ్చే మనిషి, రక్తం గ్రూపు కలిపి చూసే ల్యాబ్ టెక్నీషియన్. వెన్నులో మత్తు ఇచ్చిన నిమిషాల్లోనే బీపీ పడిపోవచ్చు, దాన్ని పైకి తెచ్చే మందు సిరంజిలో సిద్ధంగా ఉండాలి, తల దగ్గర ఒక మనిషి కూర్చుని ఆపరేషన్ అయ్యేదాకా చూస్తూ ఉండాలి. కోసే చేతులు ఆ పని చేయలేవు. బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించడానికి ఉన్నది మొదటి నిమిషమే, అప్పుడు బ్యాగూ మాస్కూ పట్టుకునే చెయ్యి మూడోది కావాలి. ఈ వరసలో ఒక్కరు లేకున్నా మిగతా అయిదుగురు ఉండీ లేనట్టే. పూలదండకు దారం తెగినట్టు.

అందుకే "ఎన్ని పోస్టులు నిండాయి" అనే ప్రశ్న మీద నాకు నమ్మకం లేదు. ఒక చోట గైనిక్ ఉండి మత్తు డాక్టరు లేకపోతే, ఇంకో చోట మత్తు డాక్టరు ఉండి గైనిక్ లేకపోతే, లెక్కలో ఇద్దరు స్పెషలిస్టులు ఉన్నట్టు. పనిలో సున్నా. ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జన్, ఫిజీషియన్, గైనిక్, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉండాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, గిరిజన ప్రాంతంలో 80,000 మందికి అలాంటిది ఒకటి. రాసినవాళ్ళు అయిదుగురినీ కలిపే రాశారు. మనం విడదీసి తలా ఒకటి పంచుకున్నాం.

పెద్దాపరేషన్లు ఎక్కువైంది ఎందుకు

తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేల్చింది. ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. ఆ సర్వేలో దేశంలోనే ఇంత ఎక్కువ మరెక్కడా లేదు. దీనికి అందరూ చెప్పే కారణాలు ముహూర్తం పిచ్చి, ప్రైవేటు దురాశ. రెండూ ఉన్నాయి, కాదనను. కానీ సర్కారు దవాఖానకు ముహూర్తంతో డబ్బు రాదు కదా, అక్కడ 44 ఎందుకు?

డ్యూటీ చార్టు దగ్గరికే మళ్ళీ రావాలి. మత్తు డాక్టరు మధ్యాహ్నం రెండు దాకా ఉంటాడు. మొదటి కాన్పు అమ్మాయి, గర్భసంచి మూతి నాలుగు సెంటీమీటర్లే తెరుచుకుంది. ఆగితే రాత్రి పదికో పదకొండుకో మామూలు కాన్పు అవ్వచ్చు. కాకపోతే? రాత్రి పదకొండుకు బిడ్డ గుండె చప్పుడు తగ్గితే అక్కడ కోసేవాళ్ళు ఉండరు. ఒంటరిగా ఉన్న గైనిక్ ముందు రెండే తోవలు: ఒంటిగంటకే కోసెయ్యడం, లేదా ఇప్పుడే మహబూబ్‌నగర్‌కో హైదరాబాద్‌కో పంపించడం. ఆగి చూడడం అనే మూడో తోవ రాత్రంతా జట్టు ఉన్న చోటే దొరుకుతుంది. మనం దురాశ అంటున్న దాంట్లో కొంత భాగం భయం. దవాఖాన ముందు బంధువులు గుమిగూడి అద్దాలు పగలగొట్టిన వార్త చదవని డాక్టరు లేదు. పక్కన ఇంకో డాక్టరు ఉంటే "నేనూ చూశాను, ఆగుదాం" అంటుంది. ఆ ఒక్క మాట కోసమైనా జట్టు కావాలి.

మామూలు కాన్పుకైనా ఆగాలంటే చూసే కళ్ళు కావాలి. నొప్పులు ఊపందుకున్నాక అరగంటకోసారి బిడ్డ గుండె వినాలి. ముక్కే దశలో అయిదు నిమిషాలకోసారి. రాత్రి ఒకే సిస్టరు, నొప్పుల మీద నలుగురు, వార్డులో ఆపరేషన్ అయినవాళ్ళు ఎనిమిది మంది. ఒకామె ముక్కుతుంటే సిస్టరు ఆ గదిలోంచి కదలలేదు, మిగతా ముగ్గురి గుండె చప్పుళ్ళు ఎవరూ వినరు. తెల్లవారి పార్టోగ్రాఫ్ (నొప్పుల తీరు, బిడ్డ గుండె చప్పుడు ఎప్పటికప్పుడు చుక్కలుగా పెట్టే పటం) కాగితాలు చూస్తే తెలిసిపోతుంది: చుక్కలన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, గీత పెట్టినట్టు నిమిషానికి 140. కాన్పు అయ్యాక కూర్చుని నింపినవి అవి. ఆ సిస్టరును మెమో ఇచ్చి శిక్షించవచ్చు. చుక్కలు మాత్రం మారవు. ఒక కుర్చీలో రాత్రింబవళ్ళు ఒక సిస్టరు ఉండాలంటే, నైటాఫులూ సెలవులూ కలుపుకుని దాదాపు అయిదుగురు కావాలి. 2017లో కరీంనగర్‌లో సిస్టర్లకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన పని అదే. మామూలు కాన్పు వాళ్ళ చేతికి వదిలేస్తే డాక్టరు అవసరమైన చోటే డాక్టరు మిగులుతుంది. అయితే శిక్షణ పొందిన సిస్టరును తీసుకొచ్చి ఓపీలో చీటీలు రాయిస్తే ఆ 18 నెలలు నీళ్ళపాలే.

మెడికల్ కాలేజీలు వచ్చాయి కదా

వచ్చాయి. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తులకు 2022లో, నారాయణపేట, గద్వాలకు 2024లో. పాత పాలమూరు జిల్లా ఒక్కదానిలోనే అయిదు సర్కారు కాలేజీలు. ఇది చిన్న విషయం కాదు, వెక్కిరించడానికి నేను సిద్ధంగా లేను. ఇక్కడ చదివినవాళ్ళలో కొందరైనా ఇక్కడే నిలుస్తారు, పదేళ్ళకు ఆ ఫలితం కనిపిస్తుంది.

అయితే కాలేజీ తెరిచిన మొదటి ఏడాది కావాల్సింది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్ళు. వాళ్ళు రోగిని ముట్టరు. క్లినికల్ పోస్టులకు పేర్లు దొరకాలంటే చుట్టుపక్కల ఉన్న గైనిక్‌లను, మత్తు డాక్టర్లను పెద్ద దవాఖానకు లాగాలి. చుట్టూ ఉన్న చిన్నవి అప్పుడు ఇంకా బక్కచిక్కుతాయి. పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య శాఖవి, ఏరియా దవాఖానలు వైద్య విధాన పరిషత్‌వి, కాలేజీ దవాఖానలు వైద్య విద్యా శాఖవి. ముగ్గురు యజమానులు. పక్క బిల్డింగులో మత్తు డాక్టరు ఖాళీగా ఉన్నా, ఆయన జీతం వేరే పద్దు కింద ఉంటే ఫైలు హైదరాబాద్ పోయి రావాలి.

ఇంకోటి కూడా ఉంది, మన ప్రాంతానికే ప్రత్యేకమైనది. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరం. ఆదిలాబాద్‌లో ఉద్యోగం వస్తే ఉంటే ఉండాలి, లేదంటే మానేయాలి. ఇక్కడ పొద్దున్నే కారులో నలుగురు కలిసి వచ్చి సాయంత్రం తిరిగిపోవచ్చు. దగ్గరగా ఉండడమే మన కర్మ అయింది. పిల్లల బడి అక్కడ, జీవిత భాగస్వామి ఉద్యోగం అక్కడ. వాళ్ళను తిట్టి లాభం లేదు, ఎవరైనా అంతే చేస్తారు. నెలకు ముప్పై రాత్రులు ఇక్కడే ఉండమంటే ఎవరూ ఉండరు. నెలకు ఏడెనిమిది 24 గంటల డ్యూటీలు చేసి, పడుకోవడానికి శుభ్రమైన గది ఇచ్చి, మిగతా రోజులు ఇంటికి పొమ్మంటే ఉండేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నలుగురైదుగురు ఒకచోట ఉంటేనే అలాంటి చార్టు గీయగలం. హైదరాబాద్ దూరం మారదు, చార్టు మార్చొచ్చు.

ప్రైవేటు నర్సింగ్ హోములు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టాయి. డివిజన్ కేంద్రాల్లో మూడు నాలుగు నర్సింగ్ హోములకు కలిపి ఒకే మత్తు డాక్టరు ఉంటాడు, కేసుకు ఇంత అని తీసుకుని కారులో తిరుగుతుంటాడు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద సర్కారు కూడా కేసుకు ఇంత అని ఇచ్చి పిలిపించుకోవచ్చు. కాకపోతే బిల్లు నెలల తరబడి ఆగితే ఆ మనిషి రెండోసారి ఫోన్ ఎత్తడు. పథకం తప్పేమీ లేదు, ట్రెజరీ తప్పు.

ఎదురుగా వచ్చే ప్రశ్న

నాలుగింటిలో ఒక్కచోటే పెద్దాపరేషన్ ఉండాలంటే, మిగతా మూడు చోట్ల లేనట్టే అని ఒప్పుకోవాలి. ఇక్కడే ఎవరికైనా మింగుడు పడదు. అమ్రాబాద్ పైభాగాన అడవిలో పెంటలో (చెంచుల చిన్న గూడెంలో) ఉన్న చెంచు ఆడబిడ్డకు "నీకు ఇంకో నలభై కిలోమీటర్లు" అని చెప్పే అధికారం నాకెక్కడిది? ఈ వాదన రాసేటప్పుడు నన్ను వెనక్కి లాగేది ఇదే. రెండో భయం ఇంకా పెద్దది. "కలుపుతున్నాం" అని మొదలుపెట్టి సర్కారు మూసేస్తుంది. పిల్లలు తగ్గారని బడులు కలిపినప్పుడు ఏం జరిగిందో చూశాం. వలస పోయిన ఊళ్ళలో మిగిలింది ముసలివాళ్ళు. వాళ్ళ బీపీ, షుగరు మందులకు కూడా నలభై కిలోమీటర్లు పొమ్మంటే అది వైద్యం కాదు, వెలివేత.

కాబట్టి గీత జాగ్రత్తగా గీయాలి. జట్టు లేకుండా కానివి ఒక వైపు, నిమిషాలు ముఖ్యమైనవి ఒక వైపు. రెండో రకానికి స్పెషలిస్టు అక్కర్లేదు. చేయి తిరిగిన ఎంబీబీఎస్ డాక్టరు, ఇద్దరు సిస్టర్లు, నిండుగా ఉన్న మందుల బీరువా కావాలి. అది ప్రతి చిన్న దవాఖానలోనూ 24 గంటలూ ఉండాల్సిందే.

పాము కాటే తీసుకోండి. విషం ఎక్కిన గుర్తులు ఉంటే పది వయల్స్ విరుగుడుతో మొదలుపెట్టాలి. అది పొడి రూపంలో ఉంటుంది, ఒక్కో వయల్‌ను పది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి, కుదపకుండా మెల్లగా తిప్పాలి, కుదిపితే నురగ కడుతుంది. ఒక్క సిస్టరే పదీ కలిపేసరికి విలువైన సమయం పోతుంది, ఇద్దరుండాలి అనేది అందుకే. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే లోడ్ చేసి పెట్టాలి. రక్తం గడ్డ కడుతోందా అని ఇరవై నిమిషాల పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు ట్యూబు కావాలి. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సబ్బుతో కడిగిన ట్యూబులో పోసినా బాగున్న రక్తం కూడా గడ్డ కట్టదు. అప్పుడు అక్కర్లేని మనిషికి విరుగుడు ఎక్కిస్తారు. వేలకోట్ల బడ్జెట్ గురించి మాట్లాడుకునే చోట గాజు ట్యూబు గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము కరిస్తే కాటు గాటు కూడా కనిపించకపోవచ్చు, కడుపునొప్పి అంటూ వస్తారు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. ఊపిరి ఆగే దశలో బ్యాగు నొక్కుతూ తీసుకుపోగలిగితే బతుకుతారు. ఆ నొక్కే చెయ్యి దగ్గర్లోనే ఉండాలి.

దూరం సంగతికి వస్తే, కాన్పు తేదీ ఆశ కార్యకర్త రిజిస్టరులో ముందే ఉంటుంది. దూరపు పెంటల, తండాల ఆడబిడ్డలను వారం ముందే జట్టు ఉన్న దవాఖాన పక్కన, తోడుగా వచ్చిన మనిషికి కూడా తిండిపెట్టి ఉంచే గదులు కట్టాలి. కూలి పోతుంది కాబట్టి తోడు మనిషికి కూలి డబ్బు కూడా ఇవ్వాలి. అది లేకపోతే గదులు ఖాళీగా ఉంటాయి. ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి ఇది బాగుండదేమో గానీ, యాభై పడకలను వంద చేసే ఖర్చులో చిన్న పాలు.

లెక్కల్లో ఇంకో తిరకాసు ఉంది. ఏ దవాఖాన ఎక్కడ ఉండాలో జనాభాను బట్టి తేలుస్తారు, ఆ జనాభా 2011 నాటిది. ముంబై, పుణె, హైదరాబాద్ పోయినవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడున్నారో తెలీదు. కానీ తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికే వస్తుంది. పరీక్షలన్నీ నగరంలో చేయించుకుని, ఎనిమిదో నెలలో స్కానింగు కాగితాల కవరు పట్టుకుని కోస్గికో మక్తల్‌కో దిగుతుంది. జనాభా లెక్క అత్తింటి ఊరిది, కాన్పు లెక్క పుట్టింటి ఊరిది. ఊరు చిక్కిపోతున్నా కాన్పుల గది అంత తొందరగా చిక్కదు. అందుకే జనాభాను చూసి కాదు, గత రెండేళ్ళ కాన్పుల రిజిస్టర్లు చూసి జట్టు ఎక్కడ పెట్టాలో తేల్చాలంటాను. రక్తం నిల్వ కేంద్రానికీ ఇదే లెక్క. మామూలు సంచిలో రక్తం 35 రోజులు ఉంటుంది. నెలకు నాలుగు ఆపరేషన్లు అయ్యే చోట సగం సంచులు పారబోయాల్సి వస్తుంది, రెండు నెలలకు ఫ్రిజ్ ఆపేస్తారు.

రెఫరల్ చీటీ

జట్టు లేని దవాఖాన చేయగల గొప్ప పని ఒకటుంది, సరిగ్గా పంపడం. ఇప్పుడు పంపుతున్న తీరు వేరు. ఎనిమిదో నెల, బీపీ 170/110, తలనొప్పి, చూపు మసక. చీటీ మీద "హయ్యర్ సెంటర్‌కు రెఫర్ చేయడమైనది" అని రబ్బరు ముద్ర, కింద అర్థం కాని సంతకం. ఆయా వచ్చి "మత్తు సారు లేడమ్మా, పెద్ద దవాఖానకు తోలుకపోండ్రి" అంటుంది. అంతే.

ఫిట్స్ రాకుండా పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాలి. రెండు మిల్లీలీటర్ల ఆంపూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. పది ఆంపూల్స్, ఒక్కో పిర్రకు అయిదు గ్రాములు, లోతుగా. దీనికి స్పెషలిస్టు అక్కర్లేదు, సిస్టరు ఇవ్వగలదు. కానీ ఎన్ని గంటలకు ఇచ్చారో చీటీ మీద రాయకపోతే అవతలి డాక్టరు ఇరుకున పడతాడు. మళ్ళీ పూర్తి మోతాదు ఇస్తే, తడితే వచ్చే మోకాలి కుదుపు పోయి, ఆపైన ఊపిరి ఆగే ప్రమాదం. ఇవ్వకపోతే, నిజంగా ఇంతకుముందు ఇచ్చి ఉండకపోతే, ఫిట్స్. ఒక్క అంకె రాయనందుకు. బీపీ, ఇచ్చిన మందు, మోతాదు, గంట, రక్తం గ్రూపు, అవతల ఎవరితో ఫోన్‌లో మాట్లాడారో ఆ పేరు. ఈ ఆరు గడులు చీటీ మీద అచ్చు వేయించడానికి కొత్త పోస్టు ఏదీ మంజూరు కానక్కర్లేదు.

బండిలో ఆక్సిజన్ సంగతి కూడా అంతే. బీ టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి పది లీటర్ల చొప్పున రెండున్నర గంటలు వస్తుంది, అదీ నిండుగా ఉంటే. సగం సిలిండర్‌తో దేవరకొండ నుంచి హైదరాబాద్ బయలుదేరితే ట్రాఫిక్‌లో ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. సిలిండర్ గేజ్ చూసి చీటీ మీద రాయడం ఏడో గడి.

ఇక అవతలి ఫోన్. ఈ రాత్రి ఎక్కడ జట్టు నిండుగా ఉందో తెలియక ఒక గర్భిణిని రెండు మూడు దవాఖానలు తిప్పడమే మన ప్రాంతంలో జరిగే అసలు నష్టం. తుంగభద్ర వంతెన అవతల కర్నూలు కనిపిస్తున్నా, అలంపూర్ నుంచి ముందు గద్వాల, తర్వాత మహబూబ్‌నగర్ అని కాగితం దారి పట్టించడం లాంటివి. 108 పైలట్లకు, అంటే అంబులెన్స్ డ్రైవర్లకు, ఇది పుస్తకాల్లో లేకపోయినా తెలుసు, ఏ గేటు ముందు బండి ఆపితే "లేరు" అంటారో, ఎక్కడ స్ట్రెచర్ ఎదురొస్తుందో. ప్రతి సాయంత్రం ఆరింటికి ఒక్కో దవాఖాన గేటు దగ్గర బోర్డు మీద సుద్దతో రాస్తే చాలు: ఈ రాత్రి గైనిక్ ఉన్నారు లేదా లేరు, మత్తు డాక్టరు ఉన్నారు లేదా లేరు, ఓ పాజిటివ్ రక్తం ఎన్ని సంచులు. అదే సమాచారం 108 కంట్రోల్ రూముకు. "లేరు" అని రాయడానికి సూపరింటెండెంట్‌కు భయం, పేపరు వాళ్ళు ఫోటో తీస్తారని. ఆ ఫోటో వస్తే రానివ్వండి. "లేరు" అని చదివిన పైలట్ గేటు దగ్గరే బండి తిప్పేస్తాడు, నలభై నిమిషాలు మిగులుతాయి.